బరిశాల్ జనరల్ సీటు: జోగేంద్రనాథ్ మండల్ తొలి ఎన్నిక

పౌరసత్వ సవరణ చట్టంపై పార్లమెంటులోనూ టీవీ స్టూడియోల్లోనూ వాదోపవాదాలు సాగిన రోజుల్లో ఒక పాత ఉత్తరం మళ్లీ వెలుగులోకి వచ్చింది. పాకిస్తాన్ తొలి న్యాయశాఖ మంత్రి జోగేంద్రనాథ్ మండల్ 1950 అక్టోబర్ 8న ప్రధాని లియాఖత్ అలీ ఖాన్‌కు పంపిన రాజీనామా లేఖ అది. తూర్పు బెంగాల్ హిందువులపై, ముఖ్యంగా షెడ్యూల్డ్ కులాలవారిపై జరిగిన దాడులను గ్రామాల పేర్లతో సహా అందులో రాశారాయన. ఒక పక్షం ఆ లేఖను పట్టుకుని, ముస్లిం లీగ్‌ను నమ్మిన దళితుడి గతి ఇదేనంది. రెండో పక్షానికి మండల్ అనే మనిషి ఇబ్బందికరమైన జ్ఞాపకం కాబట్టి మౌనంగా ఊరుకుంది. మొత్తానికి అరవై నాలుగేళ్లు బతికిన ఒక రాజకీయ నాయకుణ్ని అందరూ కలిసి ఒక ఉత్తరానికి కుదించేశారు.

ఆ ఉత్తరానికి పదమూడేళ్ల ముందు జరిగిన ఎన్నిక గురించి మాత్రం ఎవరూ మాట్లాడలేదు. 1937లో, ముప్పై మూడేళ్ల వయసులో, పార్టీ అండ లేకుండా, రిజర్వేషన్ రక్షణ కూడా లేకుండా, బెంగాల్‌లోని ఒక మారుమూల గ్రామీణ స్థానంలో మండల్ తొలిసారి పోటీ చేసి కాంగ్రెస్ జిల్లా అధ్యక్షుణ్ని ఓడించారు. ఆ తర్వాతి ఆయన జీవితం అర్థం కావాలంటే ఆ గెలుపు దగ్గర మొదలుపెట్టాలి. పదవిలో ఉన్న నాయకుడిగా ఆయన చేసిన నిర్ణయాలపై ఎన్ని తీర్పులైనా ఇవ్వవచ్చు. ఆయనను అసలు శాసనసభకు పంపింది ఎవరన్న ప్రశ్నకు మాత్రం ఎన్నికల చట్టంలోనే కచ్చితమైన జవాబు ఉంది.

ఆ స్థానం పేరు బాకర్‌గంజ్ నార్త్ ఈస్ట్, జనరల్ రూరల్. బాకర్‌గంజ్ అంటే నేటి బంగ్లాదేశ్‌లోని బరిశాల్ ప్రాంతం. నేల కంటే నీరే ఎక్కువగా కనిపించే డెల్టా జిల్లా. రైలు మార్గం లేదు. కలకత్తా నుంచి వెళ్లాలంటే రైలు దిగి స్టీమరెక్కాలి, ఊళ్ల మధ్య తిరగాలంటే పడవే దిక్కు. మన కోనసీమలో కాలవల వెంట బతికినవారికి ఆ భూగోళం కొంత ఊహకు అందుతుంది. తేడా ఏమిటంటే, అక్కడ కాలవ గట్టు దాటితే పొలం రాదు, మరో నీటిమడుగు వస్తుంది. ‘బిల్’ అని పిలిచే ఆ చిత్తడి భూములను తరాల తరబడి పూడ్చి, గట్లు కట్టి, వరి పండే నేలగా మార్చినవారిలో ముఖ్యులు నమశూద్రులు. భూమిని తయారుచేసింది వాళ్లు. దాని మీద హక్కు మాత్రం ఎక్కువగా బ్రాహ్మణ, కాయస్థ, వైద్య కులాల జమీందార్ల చేతుల్లోనూ, వారి కింది మధ్యవర్తి కౌలుదార్ల చేతుల్లోనూ ఉండేది.

ప్రభుత్వ రికార్డుల్లో ఈ కులాన్ని ‘చండాల’ అని రాసేవారు. ఆ పేరు జనాభా లెక్కల్లోంచి తొలగి ‘నమశూద్ర’గా మారింది 1911లో. ఆ మార్పు ఎవరో దయతలచి చేసింది కాదు. 1872-73 నాటికే ఫరీద్‌పూర్, బాకర్‌గంజ్ ప్రాంతాల్లో నమశూద్రులు అగ్రకులాల ఇళ్లలో, పొలాల్లో పని మానేసి నెలల తరబడి సహాయ నిరాకరణ చేశారు. ఒక నమశూద్ర పెద్ద తన తండ్రి శ్రాద్ధానికి పిలిస్తే అగ్రకులాలవారు భోజనానికి రాలేదు. ఆ అవమానం దగ్గర రాజుకున్న గొడవ అది. రోజు కూలితో బతికేవారు అన్ని నెలలు పని మానడం ఎంత కష్టమో చెప్పనక్కరలేదు. చివరికి సమ్మె చల్లారింది కానీ, కలిసి నిలబడవచ్చునన్న ఎరుక మిగిలింది. ఓరాకాందీ గ్రామం కేంద్రంగా హరిచాంద్ ఠాకూర్, ఆయన కుమారుడు గురుచాంద్ ఠాకూర్ నడిపిన మతువా ఉద్యమం దానికి మతాన్నీ, బడినీ, సంఘాన్నీ జోడించింది. తిండి లేకపోయినా పిల్లల్ని చదివించండన్నది గురుచాంద్ పదే పదే చెప్పిన మాటల సారం.

స్వదేశీ ఉద్యమానికి బరిశాల్ కంచుకోట అని చరిత్ర పుస్తకాలు చెబుతాయి. నిజమే. 1905 తర్వాత అశ్వినీ కుమార్ దత్తా నాయకత్వంలో ఆ జిల్లా విదేశీ వస్తువులను బహిష్కరించిన తీరు దేశమంతటా పేరు పొందింది. అదే జిల్లాలో నమశూద్ర రైతులు చాలావరకు ఆ ఉద్యమానికి దూరంగా ఉన్నారన్న విషయం ఆ పుస్తకాల్లో ఒక వాక్యంగా వస్తే గొప్ప. చవకైన విదేశీ బట్ట మానేసి ఖరీదైన స్వదేశీ బట్ట కొనమని చెబుతున్నవాడు తన భూస్వామే అయినప్పుడు, మన ఇంటి గడప లోపలికి రానివ్వనివాడే అయినప్పుడు, ఆ పిలుపు దేశభక్తిగా వినిపించదు. హుకుంలా వినిపిస్తుంది.

మండల్ 1904 జనవరి 29న గౌర్‌నదీ ఠాణా పరిధిలోని మైస్తర్‌కాందీ గ్రామంలో ఒక పేద నమశూద్ర కుటుంబంలో పుట్టారు. బరిశాల్ పట్నంలోని బ్రజమోహన్ కళాశాలలో చదివి 1929లో బీఏ అయ్యారు. ఆ కళాశాలను తన తండ్రి పేరిట స్థాపించినది పైన చెప్పిన అశ్వినీ కుమార్ దత్తాయే. ఈ సంగతి గుర్తుంచుకోవాలి. తర్వాత కలకత్తా వెళ్లి 1934లో న్యాయశాస్త్ర పట్టా పుచ్చుకున్నారు. 1936లో కలకత్తా స్మాల్ కాజెస్ కోర్టులో వకీలుగా పేరు నమోదు చేసుకున్నారు. ఆ ఏడే సొంత జిల్లాకు తిరిగివచ్చి బరిశాల్ కోర్టులో ప్రాక్టీసు పెట్టారు. రాజధానిలో నిలదొక్కుకోవాలని చూసే వయసులో జిల్లాకు తిరిగి రావడం వెనుక రాజకీయ ఆలోచన ఉందనుకోవడంలో తప్పులేదు. ఎన్నికలు అప్పటికి నెలల దూరంలో ఉన్నాయి.

ఇక్కడ ఆ ఎన్నికల లెక్కలు కొంచెం ఓపికగా చూడాలి. 1935 భారత ప్రభుత్వ చట్టం ప్రకారం బెంగాల్ శాసనసభలో 250 స్థానాలు. నియోజకవర్గాలన్నీ మతాల వారీగా, వర్గాల వారీగా విడదీసి ఉన్నాయి. ముస్లింలకు ప్రత్యేకంగా 117 స్థానాలు. వాటిలో ముస్లింలే ఓటర్లు, ముస్లింలే అభ్యర్థులు. యూరోపియన్లకు, వర్తక సంఘాలకు, భూస్వాములకు, విశ్వవిద్యాలయాలకు, కార్మికులకు వేర్వేరుగా మరికొన్ని. ‘జనరల్’ అన్నవి 78. పేరుకు జనరలే కానీ ఆచరణలో అవి హిందూ స్థానాలు. ముస్లిం ఓటరు పేరు ఆ జాబితాలో ఉండదు. ఆ 78లో 30 షెడ్యూల్డ్ కులాలకు కేటాయించారు. 1932 ఆగస్టులో బ్రిటిష్ ప్రధాని ప్రకటించిన కమ్యూనల్ అవార్డు బెంగాల్‌లో అణగారిన వర్గాలకు ఇవ్వజూపింది దాదాపు పది స్థానాలే. సెప్టెంబరు 24న గాంధీ, అంబేడ్కర్ వర్గాల మధ్య కుదిరిన పూనా ఒప్పందం దాన్ని 30కి పెంచింది. మద్రాసు రాష్ట్రానికి కూడా, అంటే అప్పటి ఆంధ్ర జిల్లాలు కలిసి ఉన్న రాష్ట్రానికి కూడా, దక్కినవి సరిగ్గా 30.

సంఖ్య పెరిగింది కానీ అధికారం చేతులు మారింది. అవార్డు ఇవ్వజూపిన ప్రత్యేక నియోజకవర్గాల్లో అణగారిన కులాలవారే తమ ప్రతినిధిని ఎన్నుకునేవారు. ఒప్పందం తర్వాత తొలి వడపోత మాత్రమే వారి చేతిలో మిగిలింది. నలుగురి దాకా పేర్లను వారు ఎంపిక చేస్తే, ఆ నలుగురిలో ఒకరిని అగ్రకులాలతో కలిసిన ఉమ్మడి ఓటర్లు గెలిపిస్తారు. అంటే రిజర్వుడు స్థానంలో ఎవరు గెలవాలన్నది చాలాచోట్ల రిజర్వేషన్ లేనివారే తేలుస్తారు. మద్రాసులో ఆ 30 స్థానాల్లో అత్యధికం కాంగ్రెస్ ఖాతాలో పడ్డాయి. బెంగాల్‌లో మాత్రం పది స్థానాలైనా కాంగ్రెస్‌కు రాలేదు. గెలిచినవారిలో ఎక్కువమంది స్వతంత్రులు. తెలుగు జిల్లాల్లో దళిత ప్రాతినిధ్యం మొదటినుంచీ కాంగ్రెస్ గొడుగు కిందే ఎందుకు పెరిగింది, బెంగాల్‌లో ఎందుకు అలా జరగలేదు అన్నది ఎవరైనా లోతుగా పరిశోధించదగిన ప్రశ్న. నమశూద్రులు కొన్ని జిల్లాల్లో గుంపుగా, ఆనుకుని ఉన్న గ్రామాల్లో, సొంత మతసంస్థతో, సొంత బడులతో ఉండటం ఒక కారణమనుకోవచ్చు.

ఓటు అందరికీ లేదు. ఏదో ఒక పన్ను కట్టినవారికో, కొంత చదువు ఉన్నవారికో మాత్రమే దక్కింది. దేశం మొత్తం మీద మూడు కోట్ల పైచిలుకు మందికి, అంటే జనాభాలో ఏడో వంతుకు అటూ ఇటూగా. గ్రామ చౌకీదారు జీతం కోసం వసూలు చేసే చౌకీదారీ పన్ను కట్టే చిన్న రైతుకూ బెంగాల్‌లో ఓటు హక్కు వచ్చింది. కూలివాడికి రాలేదు. కాబట్టి మండల్‌కు ఓటు వేయగలిగిన నమశూద్రుల్లో ఎక్కువమంది ఎంతో కొంత నేల సాగుచేసే రైతులే అయివుండాలి. ఆ కులపు నిరుపేదలు ఒడ్డున నిలబడి చూడవలసిందే.

ఈ పరిస్థితుల్లో రిజర్వుడు స్థానం వదిలి జనరల్ స్థానంలో నామినేషన్ వేయడం సాహసమే. ఎదురుగా ఉన్నది సరళ్ కుమార్ దత్తా. కాంగ్రెస్ జిల్లా అధ్యక్షుడు. అంతకు మించి, అశ్వినీ కుమార్ దత్తాకు స్వయానా అన్నదమ్ముల బిడ్డ. అశ్వినీ బాబు 1923లోనే కన్నుమూశారు కానీ బరిశాల్‌లో ఆ ఇంటి పేరు ఒక సంస్థ. ఆ కుటుంబం పెట్టిన కళాశాలలో చదువుకున్న నమశూద్ర కుర్రవాడు, వకీలు కోటు తొడుక్కుని ఏడాదైనా కాకుండా, ఆ కుటుంబం మీదే పోటీకి దిగాడు. ఇందులో కృతఘ్నత చూసినవారు ఆనాడు ఉండే ఉంటారు. చదువు చెప్పినందుకు ఓటు కూడా రాసివ్వాలనుకునే మనస్తత్వం మన జిల్లాల్లో ఇంకా కొత్తదేమీ కాదు కదా.

మండల్ గెలిచారు.

ఎలా గెలిచారన్నదానికి కులం ఒక్కటే జవాబు కాదు. జనరల్ స్థానంలో, ఆస్తి ఆధారంగా తయారైన ఓటర్ల జాబితాలో, ఒక్క నమశూద్రుల ఓట్లతో కాంగ్రెస్‌ను ఓడించడం తేలిక కాదు. జిల్లా గాలి ఎటు వీస్తోందో చూస్తే కొంత అర్థమవుతుంది. ఆ ఎన్నికల్లోనే, ఆ బాకర్‌గంజ్ జిల్లాలోనే, పటువాఖాలీ ముస్లిం స్థానంలో ఖ్వాజా నాజిముద్దీన్ ఓడిపోయారు. ఆయన ఢాకా నవాబు కుటుంబీకుడు, బ్రిటిష్ గవర్నరుకు సన్నిహితుడు. పైగా పటువాఖాలీలో ఆ కుటుంబానికి జమీందారీ ఉంది. ఓడించినది కృషక్ ప్రజా పార్టీ నాయకుడు ఏకే ఫజ్లుల్ హక్. అదే జిల్లా మనిషి. జమీందారీ రద్దు, రైతుల అప్పుల భారం తగ్గింపు, పేదవాడికి పప్పూ అన్నం అన్నవి ఆయన ప్రచారానికి ఆయువుపట్లు. ముస్లిం ఓటర్ల జాబితాలో నవాబు ఓడారు, హిందూ ఓటర్ల జాబితాలో స్వదేశీ వంశీకుడు ఓడారు. రెండు జాబితాలూ చట్టం గీసిన గీతకు అటూ ఇటూ ఉన్నాయి గానీ, ఆ ఓటర్ల పొలాలు పక్కపక్కనే ఉన్నాయి. ధరలు పడిపోయి, అప్పులు పెరిగి, జమీందారు కచేరీ ముందు చేతులు కట్టుకుని నిలబడిన కాలం అది. బరిశాల్ రైతు ఆ ఏడు రెండు చోట్లా పెద్ద ఇంటికి వ్యతిరేకంగా ఓటు వేశాడు.

ఇంకో విషయం నొక్కిచెప్పాలి. మండల్‌ను ముస్లిం లీగ్ చేతి బొమ్మ అనేవారు సాధారణంగా మరిచిపోయే విషయం ఇది. 1937లో ఒక్క ముస్లిం కూడా ఆయనకు ఓటు వేసే వీలు లేదు. ప్రత్యేక నియోజకవర్గాల పద్ధతిలో అది చట్టరీత్యా అసాధ్యం. ఆయనకు పడినవన్నీ దాదాపుగా హిందూ ఓట్లే. అగ్రకులాల ఓట్లు కూడా కొన్ని పడకుండా జనరల్ స్థానం దక్కడం కష్టం. అంటే మండల్ రాజకీయ జీవితం లీగ్ ఒడిలో పుట్టలేదు. కాంగ్రెస్ తన సొంత స్థానం అనుకున్నచోట, కాంగ్రెస్ ఓటర్లనుకున్నవారి మధ్య, స్వతంత్రుడిగా పుట్టింది.

కలకత్తాలో శాసనసభ భవనంలోకి అడుగుపెట్టిన మండల్ తొలి అడుగులు కూడా లీగ్ వైపు పడలేదు. హక్, లీగ్‌తో కలిసి మంత్రివర్గం ఏర్పరచారు. ప్రతిపక్షంలో కాంగ్రెస్ నాయకుడు శరత్ చంద్ర బోస్. మండల్ షెడ్యూల్డ్ కులాల స్వతంత్ర సభ్యులను ఒక జట్టుగా కూడగట్టే పనిలో పడ్డారు, బోస్ సోదరులకు దగ్గరయ్యారు. సుభాష్ చంద్ర బోస్ కాంగ్రెస్ నుంచి బయటపడిన తీరు చూశాక, ఆ పార్టీలో తనలాంటివాడికి చోటు ఉంటుందన్న ఆశ ఆయనకు తగ్గిందని చెప్పవచ్చు. బోస్ లాంటి కాయస్థ నాయకుడికే నిలువనీడ లేనప్పుడు నమశూద్ర వకీలు మాట ఎవరు వింటారు?

1943లో ఆయన మంత్రి అయ్యారు, సహకార రుణాలు, గ్రామీణ రుణభారం శాఖలకు. ముఖ్యమంత్రి స్థానంలో ఉన్నది, విధి చేసిన చమత్కారమో ఏమో, పటువాఖాలీలో ఓడిన నాజిముద్దీనే. విద్యకు నిధులు, ఉద్యోగాల్లో వాటా, మంత్రివర్గంలో చోటు అడిగి తీసుకుని షెడ్యూల్డ్ కులాల సభ్యుల ఒక వర్గం ఆ ప్రభుత్వాన్ని బలపరిచింది. ఈ బేరంలో అవకాశవాదం లేదనలేం. పైగా అది బెంగాల్ కరువు సంవత్సరం. లక్షలాది మంది ఆకలితో చనిపోతున్నప్పుడు అధికారంలో ఉన్న మంత్రివర్గంలో సభ్యుడిగా ఆ మచ్చలో ఆయనకూ భాగముంది. తన మద్దతుకు కారణాన్ని తర్వాత రాజీనామా లేఖలో ఆయనే వివరించారు. బెంగాల్‌లో ముస్లింలూ షెడ్యూల్డ్ కులాలవారూ ఎక్కువగా రైతులు, కూలీలు, జాలరులు, ఇద్దరూ చదువులో వెనుకబడ్డవారు, ఇద్దరి ఆర్థిక ప్రయోజనాలూ ఒకటే అన్నది ఆ వివరణ సారం. ఈ మాటను 1950 నుంచి వెనక్కి చూస్తే అమాయకత్వం అనిపిస్తుంది. 1937 నుంచి ముందుకు చూస్తే, బరిశాల్‌లో తన కళ్లెదుట జరిగిన ఎన్నిక నుంచి ఆయన నేర్చుకున్న పాఠమని తెలుస్తుంది. పాఠం తప్పు కాదు. అయితే ఆ పాఠం రైతుల గురించి నేర్చుకున్నది, లీగ్ నాయకుల గురించి కాదు. రెంటికీ మధ్య ఉన్న దూరాన్ని ఆయన తక్కువగా అంచనా వేశారు.

1946 ఎన్నికల్లో అంబేడ్కర్ స్థాపించిన షెడ్యూల్డ్ కాస్ట్స్ ఫెడరేషన్ తరఫున బెంగాల్‌లో గెలిచినది మండల్ ఒక్కరే. ఆ ఏడు జూలైలో, బొంబాయి శాసనసభ నుంచి రాజ్యాంగ సభకు వెళ్లే దారి మూసుకుపోయిన అంబేడ్కర్‌ను బెంగాల్ శాసనసభ్యుల ఓట్లతో ఎన్నిక చేయించడంలో ముఖ్యపాత్ర కూడా ఆయనదే. దేశ విభజనతో ఆ స్థానం పోయి, అంబేడ్కర్ మళ్లీ బొంబాయి నుంచి, ఈసారి కాంగ్రెస్ సహకారంతో ఎన్నిక కావలసి వచ్చిందన్నది వేరే కథ. రాజ్యాంగ రచనలో అంబేడ్కర్ తొలి ప్రవేశానికి తలుపు తీసినది కలకత్తాలో కొద్దిమంది ఓటు. ఆ కొద్దిమందిని కూడగట్టినవాడి రాజకీయ పునాది బరిశాల్ చిత్తడి పొలాలు.

1947 జూన్ 20న బెంగాల్‌ను విభజించాలా వద్దా అన్న ఓటింగ్ కలకత్తా శాసనసభలో జరిగింది. హిందూ మెజారిటీ జిల్లాల సభ్యులు 58-21తో విభజన కోరారు. ముస్లిం మెజారిటీ జిల్లాల సభ్యులు 106-35తో వద్దన్నారు. ఒక భాగం కోరినా చాలు కాబట్టి విభజన ఖాయమైంది. షెడ్యూల్డ్ కులాల సభ్యుల్లో ఎక్కువమంది విభజన పక్షానే నిలిచారు. వారిలో చాలామంది అప్పటికి కాంగ్రెస్‌వారు. మండల్ వ్యతిరేకించారు. ఆయన భయం ఒక్కటే. గీత గీస్తే నమశూద్ర జిల్లాలు తూర్పున పడతాయి. డబ్బూ చదువూ ఉన్న అగ్రకులాలవారు కలకత్తాకు వచ్చేస్తారు. నేలనే నమ్ముకున్న రైతు అక్కడే చిక్కుకుంటాడు. ఈ అంచనా అక్షరాలా నిజమైంది. తప్పిందల్లా, ఆ రైతుకు పాకిస్తాన్‌లో రక్షణ దొరుకుతుందన్న రెండో అంచనా.

ఆగస్టులో కరాచీలో పాకిస్తాన్ రాజ్యాంగ సభ తొలి సమావేశానికి తాత్కాలిక అధ్యక్షుడిగా కూర్చున్నది మండలే. మూడేళ్లు తిరిగేసరికి అదే దేశం నుంచి బయటపడ్డారు. 1950 ఫిబ్రవరిలో బరిశాల్‌లో జరిగిన మారణకాండ, అంటే ఆయనకు తొలి గెలుపునిచ్చిన నేల మీద జరిగిన మారణకాండ, ఆ లేఖలోని కీలక భాగం.

కలకత్తాకు తిరిగివచ్చిన మండల్‌ను ఎవరూ నమ్మలేదు. కాంగ్రెస్‌కు ఆయన పాకిస్తాన్ మంత్రి. కమ్యూనిస్టులకు కులవాది. హిందూ సంస్థలకు లీగ్ తొత్తు. కాందిశీకుల శిబిరాల్లో పనిచేశారు, మళ్లీ మళ్లీ ఎన్నికల్లో నిలబడ్డారు, ప్రతిసారీ ఓడిపోయారు. 1968 అక్టోబర్ 5న సరిహద్దు పట్టణం బనగాంలో చనిపోయారు. ఈ ఓటములను వ్యక్తిగత ప్రతిష్ఠ కోల్పోయిన కథగా చెప్పడం పరిపాటి. అది సగమే. అసలు ఆయన ఓటరు ఎక్కడున్నాడు? 1937లో ఆయనను గెలిపించినది ఒక ఉమ్మడి జీవితం. ఆనుకుని ఉన్న గ్రామాలు, ఒకే జమీందార్ల కింద కౌళ్లు, ఒకే బజారు, ఒకే గురుపీఠం. ఆ ఓటరు ఇప్పుడు కొంత పాకిస్తాన్‌లో, కొంత సియాల్దా స్టేషన్ ప్లాట్‌ఫారం మీద, కొంత శిబిరంలో రేషను వరుసలో ఉన్నాడు. కాందిశీకుడికి కులం కన్నా పునరావాస కాగితం ముఖ్యమైంది. ఆ కాగితం ఇచ్చేది కాంగ్రెస్ ప్రభుత్వం, ఆ కాగితం కోసం ఊరేగింపు తీసేది కమ్యూనిస్టులు. నియోజకవర్గం అనేది పటం మీద గీతల వ్యవహారం కాదు, ఇరుగుపొరుగు వ్యవహారం. దేశ విభజన ఒక సమాజాన్ని నిరాశ్రయం చేయడంతో ఆగలేదు. దాని నియోజకవర్గాన్నే లేకుండా చేసింది.

గురుచాంద్ మనుమడు ప్రమథ రంజన్ ఠాకూర్ వేరే దారి పట్టారు. ఆయన కూడా 1937లో స్వతంత్రుడిగా గెలిచినవారే. తర్వాత కాంగ్రెస్‌లో చేరారు, సరిహద్దుకు ఇవతల ఠాకూర్‌నగర్ కట్టి మతువాలను మళ్లీ ఒకచోట చేర్చారు. ఆ తర్వాతి దశాబ్దాల్లో బెంగాల్ పార్టీలన్నీ ఠాకూర్‌బాడీ గుమ్మం తొక్కడానికి మూలం అక్కడుంది. అంటే కాందిశీకులకు ఒక ఊరు కట్టగలిగిన వంశానికి ఓటు బ్యాంకు మిగిలింది. ఊరు పోయిన వకీలుకు మిగలలేదు.

ఠాకూర్‌నగర్‌లో చోటు దొరకనివారిని ప్రభుత్వం రాష్ట్రం బయటికి పంపింది. 1958లో మొదలైన దండకారణ్య పథకం కింద వేలాది నమశూద్ర కుటుంబాలు ఒడిశాలోని మల్కన్‌గిరి, కోరాపుట్ అడవులకు, బస్తర్‌కు చేరాయి. నీళ్ల మధ్య పుట్టినవారిని రాళ్ల నేలకు తోలారు. 1978లో వారిలో కొందరు తిరిగివచ్చి సుందర్‌బన్‌లోని మరిచ్‌ఝాపి దీవిలో స్థిరపడితే, మరుసటి ఏడు వామపక్ష ప్రభుత్వం దీవిని దిగ్బంధించి బలవంతంగా ఖాళీ చేయించింది. ఎంతమంది చనిపోయారన్నది ఇప్పటికీ వివాదమే.

ఆ దండకారణ్యంలోనూ, కలకత్తా జాదవ్‌పూర్ వీధుల్లోనూ బతుకు వెళ్లదీసిన ఒక బరిశాల్ నమశూద్ర కాందిశీకుడు 2021లో పశ్చిమ బెంగాల్ శాసనసభకు తొలిసారి పోటీ చేశారు. మనోరంజన్ బ్యాపారీ. పిల్లవాడిగా శిబిరంలో పెరిగి, జైల్లో చదవడం నేర్చుకుని, రిక్షా తొక్కుతూ ఒకరోజు తన బండెక్కిన మహాశ్వేతా దేవిని ఒక కఠిన పదానికి అర్థం అడిగి, ఆమె ప్రోత్సాహంతో రచయిత అయిన మనిషి. హుగ్లీ జిల్లా బలాగఢ్ నుంచి తృణమూల్ టికెట్ మీద నిలబడి ఆరువేల లోపు తేడాతో గెలిచారు. నది ఒడ్డున పడవలు తయారుచేయడానికి పేరుపొందిన ఊళ్లున్న స్థానం అది. మండల్ గెలిచిన నాటికీ, ఈ గెలుపుకూ ఎనభై నాలుగేళ్ల తేడా. అప్పుడు జనరల్ స్థానం, పార్టీ లేదు. ఇప్పుడు ఎస్సీ రిజర్వుడు స్థానం, టికెట్ ఇచ్చింది అధికార పార్టీ అధినేత్రి. ముందుకు వెళ్లిందో వెనక్కి వెళ్లిందో ఎవరి లెక్క వారిది. దేశమంతటా పార్టీలు దళితుడికి జనరల్ టికెట్ ఇవ్వడానికి ఎన్నిసార్లు ఆలోచిస్తాయో తెలిసినవారికి మాత్రం 1937 నాటి బరిశాల్ ఓటర్ల జాబితా కొంచెం వింతగానే కనిపిస్తుంది.

ఈ కథ కలకత్తా దగ్గరే ఆగలేదు. తూర్పు బెంగాల్ కాందిశీకుల్లో కొందరిని తెలంగాణలోని కాగజ్‌నగర్ చుట్టుపక్కల కూడా స్థిరపరిచారు. నజ్రుల్‌నగర్, రవీంద్రనగర్ అన్న పేర్లతో ఆ ఊళ్లు ఇప్పటికీ ఉన్నాయి. సిర్పూర్ నియోజకవర్గంలో అభ్యర్థులు వారి ఓట్లను జాగ్రత్తగా లెక్కపెట్టుకుంటారు. పశ్చిమ బెంగాల్ ఎస్సీ జాబితాలో నమశూద్ర ఉంది. తెలంగాణ జాబితాలో ఆ పేరు లేదు. తమకు ఎస్సీ ధ్రువపత్రం ఇవ్వాలని వారు అడుగుతూనే ఉన్నారు.